అరమార్కు

బోర్డు మీద రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకున్నాయి.
పై సందులో మూడు ఎక్స్ ప్లస్ పది,
కింద, దానికి సరిగ్గా ఎదురుగా, ఐదు ఎక్స్ మైనస్ ముప్పై.
శీర్షాభిముఖ కోణాలు, అన్నాను.
వెనక బెంచీ నోరు తిరక్క నవ్వింది.

బెవర హైమావతి నవ్వలేదు.
ఎక్స్‌లన్నీ ఒక గట్టుకి, అంకెలన్నీ ఒక గట్టుకి తోలి
రెండు ఎక్స్‌లు నలభై, ఎక్స్ ఇరవై అని రాసి
కింద రెండు గీతలు కొట్టి
పెన్ను మూత పెట్టేసింది, అందరికంటే ముందు.

నేను అరమార్కు కోసేశాను.

మర్నాడు సాయంత్రం స్కూలు గేటు దగ్గర తవిటినాయుడు.
కనుబొమల మీద రంపపు పొట్టు, చెవి మీద పెన్సిలు.
"మా గుంట లెక్క తప్పా మేడమ్?"
"తప్పు కాదు."
"మరి ఆ అర ఏటైపోనాది?"
చెప్పబోతే నాకే మాట కుదరలేదు.
ఇరవై తప్పు కాదు. ఇరవై జవాబూ కాదు.
"షెడ్డు కాడికి రండి, పని ఆగిపోనాది" అని
సైకిలు నడిపించుకుంటూ ముందు పోయాడు.

సాలూరులో ఆ రోడ్డంతా లారీలే,
ఇంజనూ చక్రాలూ ఉండి వీపు లేని లారీలు.
వాటికి వీపులు కడతాడు తవిటినాయుడు.
వెనక తలుపు చట్రం నేల మీద పరిచి ఉంది,
మూల నుంచి మూలకి రెండు కర్రబద్దలు,
నడుమ ఒకే బోల్టు.
అగరొత్తుల డబ్బా అట్ట ఒకటి
పై సందులో పెట్టి గీసుకుని, కత్తిరించి,
ఆ ముక్కనే తిప్పి కింది సందులో దూర్చాడు.
గాలి చొరడానికి చోటు లేదు.
"ఒక పక్క కొల్తే సాలు మేడమ్,
ఎదరది దానంతటదే వొచ్చేస్తాది.
మా నాన్న సెప్పినాడు. ఎందుకో ఆయనా సెప్పలేదు."

రంపపు బల్ల మీద కాళ్లూపుతూ కూర్చున్న హైమావతి
తలెత్తకుండానే అంది:
"రెండింటికీ పొరుగోడు ఒకడే కదా నాన్నా.
పైదీ పొరుగోడూ కలిస్తే తిన్నటి బద్ద, నూట ఎనభై.
కిందిదీ ఆ పొరుగోడే కలిస్తే రెండో బద్ద, అదీ నూట ఎనభై.
పొరుగోణ్ని తీసీ. ఏటి మిగుల్తాది?"

ముప్పై ఏళ్లుగా అట్టముక్కలు తిప్పుతున్న చెయ్యి
పక్క సందులో ఆగింది,
తను ఎప్పుడూ కొలవని ఆ వెడల్పాటి సందులో.

అప్పుడు నేను పరీక్ష కాయితం ఇచ్చాను.
అక్షరాలు రావు ఆయనకి, అంకెలూ గీతలూ వస్తాయి.
"ఈ ఇరవై ఏటే?"
"ఎక్స్."
"మేడమ్ అడిగింది?"
కాళ్లూపడం ఆగింది.
"...కోణం."
డబ్బాలోంచి ఒక మేకు తీసి
కూతురి అరచేతిలో పెట్టాడు.
"మేకు దొరికినాది. కొట్టలేదు."

ఆయన చెవి మీది పెన్సిలు లాక్కుని
బద్ద మీదే వేసింది లెక్క:
మూడిరవైలు అరవై, పది కలిపితే డెబ్భై.
ఐదిరవైలు వంద, ముప్పై పోతే డెబ్భై.
ఒకటి కూడబెట్టుకుంటూ వచ్చింది,
ఒకటి పారేసుకుంటూ వచ్చింది,
బోల్టు దగ్గర విప్పితే ఇద్దరి గుప్పిట్లోనూ అదే డెబ్భై.
పొరుగోడికి నూట పది.
అది నేను అడగలేదు, తనే రాసింది.

వారానికి రంగు పడింది. లారీ ఘాటీ ఎక్కి
ఒడిశా వైపు పోయింది, నీలం రంగు కింద
పెన్సిలు డెబ్భైలు రెండు మోసుకుని.
బస్సు కోసం నిలబడ్డప్పుడు ఇప్పటికీ
లారీల ముందు భాగం చూడను, వెనక తలుపులే చూస్తాను.

అరమార్కు మాత్రం తిరిగి వెయ్యలేదు.
అడుగుతుందనుకున్నాను. అడగలేదు.
తర్వాతి పరీక్షలో ఎక్స్ కింద ఒక్క గీతా కొట్టలేదు,
కోణం రాసి, దాని కింద కొట్టింది రెండూ.
మార్జిన్‌లో చిన్న మేకు బొమ్మ,
కొంచెం వంగింది.